పెట్టె కొనే ముందు టేపు పట్టండి



ఈ నెల మాకు అందిన లేఖలలో ఒకదానికి ఈ శీర్షిక మొత్తాన్ని కేటాయిస్తున్నాము. రాసినవారు రాయచోటి వైపు ఉండే ఒక సోదరి. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు. ఆమె ఇంటివద్ద కుట్టుపని చేస్తారు. పెద్ద కుమారుడు ఈ సంవత్సరమే ఇంజనీరింగ్‌లో చేరాడు. చదువుకు కంప్యూటరు అవసరమన్నాడు. సిద్ధంగా ఉన్నది కొనడం కంటే భాగాలు విడివిడిగా తెప్పించి తానే బిగించుకుంటానన్నాడు. తండ్రి అంగీకరించి 60,000 రూపాయలు పంపారు. అంతవరకు ఇంట్లో అందరికీ సంతోషమే. అబ్బాయి రాసిన జాబితా తల్లి చేతికి వచ్చిన తరువాతనే చిక్కు మొదలైంది. అందులో ఒక వరుసలో ‘కేబినెట్ 6,500’ అని ఉన్నది.

“మౌలానా సాహెబ్! లోపలి సామాను ఖరీదైనదంటే ఒప్పుకున్నాను. ఖాళీ రేకు డబ్బాకు ఆరున్నర వేలా? మా ఊరి దుకాణంలో కరెంటు పెట్టెతో సహా 1,800కే ఇస్తామంటున్నారు. ఆ మాట అన్నందుకు మావాడు అలిగి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. వాళ్ల నాన్న అక్కడ ఎండలో బండి నడిపి పంపిన డబ్బు ఇది. తప్పు నాదా, వాడిదా?” అని ఆమె అడిగారు. జాబితా నకలును కూడా లేఖతో జతపరిచారు.

మదర్సాలో పాఠాలు చెప్పుకునే మాకు ఇటువంటి ప్రశ్న ఎందుకు పంపారా అని కొందరు పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. అయితే ఈ విషయంలో మేము ఒకసారి దెబ్బ తిన్నవాళ్లము. ఆ సంగతి ముందుగా చెప్పుకోవడమే న్యాయం.

మా మదర్సాలో జరిగినది

అయిదేళ్ల క్రితం ఒక దాత మా మదర్సాకు కంప్యూటరు కొరకు సొమ్ము ఇచ్చారు. దూరపు గ్రామాల పిల్లల కొరకు వీడియో పాఠాలు తయారు చేయాలన్నది ఆయన కోరిక. ఏ ప్రాసెసర్ తీసుకోవాలి, మెమరీ ఎంత ఉండాలి, గ్రాఫిక్స్ కార్డు ఏది అనే విషయాలన్నీ తెలిసినవారిని అడిగి రాసుకున్నాము. పెట్టెను గూర్చి మాత్రం ఎవరినీ అడగలేదు. దుకాణంలో వరుసగా నిలబెట్టినవాటిలో ఒకదానికి ముందుభాగమంతా నల్లని అద్దం. దాని వెనుక మూడు ఫ్యాన్లు రంగులు మార్చుకుంటూ తిరుగుతున్నాయి. మాతో వచ్చిన పిల్లలు దాని ముందు నుండి కదలలేదు. నిజం చెప్పవలసివస్తే మా చూపు కూడా దాని మీదనే నిలిచింది.

చలికాలం గడిచింది. ఏప్రిల్ వచ్చింది. వీడియో తయారుచేసే సమయంలో ఫ్యాన్లు పిండిమర వలె అరవసాగాయి. పని నత్తనడక నడిచింది. ఒకనాటి మధ్యాహ్నం యంత్రం ఉన్నట్టుండి ఆగిపోయింది. పది నిమిషాల తరువాత వెలిగింది, మళ్లీ ఆగింది. రెండు రోజులు శ్రమించి చేసిన పాఠం పోయింది. మా పూర్వ విద్యార్థి ఒకరు ఊరిలో మరమ్మతు దుకాణం నడుపుతున్నారు. ఆయనను పిలిపించాము. ఆయన లోపలి భాగాలను తాకనైనా తాకలేదు. ముందున్న అద్దాన్ని ఊడదీసి పక్కన పెట్టారు. కొద్ది నిమిషాలలో అరుపు తగ్గింది. తెర మీద 96 డిగ్రీలు చూపుతున్న ప్రాసెసర్ వేడి 79కి దిగింది.

“హజ్రత్! ఇది ముక్కు మూసుకొని పరుగెత్తుతున్నది” అన్నారాయన. ఊడదీసిన అద్దాన్ని మాకు చూపించారు. మూడు ఫ్యాన్లు గాలి పీల్చుకోవడానికి అంచు వెంబడి వదిలిన సందు మన చిటికెన వేలంత కూడా లేదు.

అద్దం తీసివేసి నెలన్నర నడిపాము. ఇక దుమ్మును ఆపేది లేదు, పురుగును ఆపేది లేదు. ఒక రాత్రి బల్లి లోపలికి దూరి ఫ్యానులో పడి చచ్చింది. ఆ ఫ్యానూ పోయింది. చివరకు వేరే పెట్టె కొని భాగాలన్నీ అందులోకి మార్చవలసి వచ్చింది. దాత ఇచ్చిన సొమ్ము మా వద్ద అమానతు. మా అవివేకానికి అయిన ఖర్చును ఆ లెక్కలో రాయడానికి మనసు ఒప్పలేదు. రెండవ పెట్టెకు 3,600 రూపాయలు మా జేబులో నుండే ఇచ్చాము. సోదరీ! ‘ఖాళీ రేకు డబ్బా’ అన్న మీ మాట చదివినప్పుడు మాకు ఆ 3,600 గుర్తుకు వచ్చాయి.

ముందు కొలత

మీరు కుట్టుపని తెలిసినవారు. బట్ట కొనే ముందు కొలత తీసుకుంటారు. కొలతకు సరిగ్గా కత్తిరించక కుట్టు కొరకు, రేపు వదులు చేయడం కొరకు లోపల కొంత బట్ట వదిలిపెడతారు. పెట్టె ఎంపికలో సగం విద్య మీ చేతిలో ఇప్పటికే ఉన్నది.

కంప్యూటరు భాగాలన్నింటినీ మోసే పలక మదర్‌బోర్డు. దాని కొలతలకు ప్రపంచమంతా అనుసరించే ప్రమాణాలు ఉన్నాయి. ఏటీఎక్స్ అనే పెద్ద బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. మైక్రో ఏటీఎక్స్ నాలుగు వైపులా 244. మినీ ఐటీఎక్స్ అనేది నాలుగు వైపులా 170 మాత్రమే. పెద్ద బోర్డుకు తయారైన పెట్టెలో సాధారణంగా చిన్న బోర్డులు కూడా కూర్చుంటాయి. చిన్న పెట్టెలో పెద్ద బోర్డు పట్టదు. మీ అబ్బాయి జాబితాలో ఉన్నది మైక్రో ఏటీఎక్స్. కావున మైక్రో ఏటీఎక్స్ పెట్టె చాలు. బల్ల మీద చోటు ఉండి, ధరలో పెద్ద తేడా లేకపోతే ఏటీఎక్స్ పెట్టె తీసుకోవడం మేలు. అది రేపటి కొరకు లోపల వదిలిన బట్ట వంటిది.

బోర్డు తరువాత చూడవలసిన కొలతలు రెండు. మొదటిది గ్రాఫిక్స్ కార్డు పొడవు. జాబితాలోని కార్డు 24 సెంటీమీటర్లు అని అబ్బాయి రాశాడు. కొన్ని కార్డులు 30 సెంటీమీటర్లు దాటుతాయి. పెట్టె వివరాలలో ‘ఇంత పొడవు కార్డు పడుతుంది’ అని రాసి ఉంటుంది. ముందువైపు ఫ్యాను లేనప్పటి లెక్కను కొందరు తయారీదారులు అక్కడ రాస్తారు. ఫ్యాను మందం సాధారణంగా 25 మిల్లీమీటర్లు. ఆ మేరకు తగ్గించి చూసుకోవాలి. రెండవది ప్రాసెసర్ మీద కూర్చునే కూలర్ ఎత్తు. ప్రాసెసర్‌తో పాటు ఇచ్చే పొట్టి కూలరుకు ఇబ్బంది లేదు. రేపు గోపురం వలె నిలువుగా ఉండే కూలర్ కొనాలనుకుంటే వాటిలో చాలావాటి ఎత్తు 155 నుండి 160 మిల్లీమీటర్లు. పెట్టె సన్ననిదైతే పక్క తలుపు మూసుకోదు. అప్పుడు తలుపు తెరిచి వాడతారు. తలుపు తెరిచిన పెట్టెలోకి ఏమేమి దూరుతాయో పైన చెప్పుకున్నాము.

బోర్డును బిగించే రేకు వెనుక రెండు సెంటీమీటర్ల ఖాళీ అయినా ఉండాలి. తీగలన్నీ ఆ సందులో సర్దుకుంటే ముందుభాగంలో గాలికి అడ్డు ఉండదు. బోర్డు కింద ఇత్తడి మరలు నిలబెడతారు. బోర్డులో రంధ్రం ఉన్నచోటనే అవి ఉండాలి. రంధ్రం లేనిచోట ఒక్క మర మిగిలిపోయినా బోర్డు వెనుకభాగానికి తగిలి షార్టు అవుతుంది. మొదటిసారి బిగించే పిల్లలు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. అబ్బాయికి ఈ మాట తప్పక చెప్పండి.

తరువాత గాలి

మన పాత ఇళ్లలో వీధి వాకిలికి ఎదురుగా పెరటి వాకిలి ఉండేది. రెండూ తెరిస్తే వసారాలో నుండి వచ్చిన గాలి నడవ గుండా పెరటిలోకి వెళ్లిపోయేది. కంప్యూటరు పెట్టెకు కావలసినది కూడా అంతే. ముందు నుండి చల్లని గాలి రావాలి, వేడి ఎక్కిన గాలి వెనుక నుండి, పై నుండి పోవాలి.

ఇక్కడ ఒక సంగతి గమనించవలసి ఉన్నది. పెట్టెలోని ఫ్యాను గాలిని చల్లబరచదు, కదిలిస్తుంది. గదిలో 42 డిగ్రీల వేడి ఉంటే లోపలికి పోయే గాలి కూడా 42 డిగ్రీలే. చాలా ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల ప్రాంతానికి చేరగానే తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. ఇంకా పెరిగితే యంత్రం ఆగిపోతుంది. చలిదేశంలో 20 డిగ్రీల గదిలో కూర్చుని ఒకరు మెచ్చుకున్న అద్దాల పెట్టె, మే నెలలో రాయలసీమ గదిలో అదే విధంగా పనిచేస్తుందనుకోవడం పొరపాటు. పెట్టెను దుకాణపు వెలుగులో చూసి కాక, అది ఉండబోయే గదిని తలచుకొని ఎంచుకోవాలి. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

కావున ముందుభాగం మెష్‌ది, అనగా సన్నని లోహపు జాలిది తీసుకోండి. అరచేయి ఆనించి అవతలి వెలుతురు కనబడుతున్నదా చూడండి. ముందు రెండు ఫ్యాన్లు, వెనుక ఒకటి ఉంటే మీ అబ్బాయి జాబితాలోని యంత్రానికి చాలును. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు అన్నిచోట్లా దొరుకుతాయి. 140 మిల్లీమీటర్లవి నెమ్మదిగా తిరిగి కూడా అంతే గాలి ఇస్తాయి కావున చప్పుడు తక్కువ. లోపలికి వచ్చే గాలి బయటికి పోయే గాలి కంటే కొంచెం ఎక్కువ ఉండేలా చూడండి. అప్పుడు సందుల గుండా గాలి బయటికి పోతుందే తప్ప దుమ్ముతో లోపలికి రాదు. ఫ్యాను ఎటు ఊదుతుందో తెలియకపోతే దాని మోటారును పట్టి ఉంచే కమ్మీలను చూడండి. సాధారణంగా గాలి కమ్మీలున్న వైపుకే వస్తుంది.

గాలి వచ్చేచోట జల్లెడ వంటి డస్ట్ ఫిల్టరు ఉండాలి. అది మరలు విప్పకుండా చేతితో ఊడివచ్చేదై ఉండాలి. నెలకు ఒకసారి కంప్యూటరు ఆపివేసి, ఫిల్టరును తీసి కడిగి, పూర్తిగా ఆరిన తరువాత పెట్టండి. తీయడం కష్టమైన ఫిల్టరును ఎవరూ కడగరు. కడగని ఫిల్టరుకు, మా నల్లని అద్దానికి తేడా లేదు.

ఇంట్లో పెట్టె ఉండే చోటు కూడా ముఖ్యమే. నేల మీద ఉంచితే చీపురు లేపిన దుమ్మంతా దానికే పోతుంది, తడిగుడ్డ నీరు కూడా తగులుతుంది. బల్ల కింద తలుపులున్న అరలో ఉంచితే వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. ఇప్పటి పెట్టెలలో ఎస్‌ఎంపీఎస్ సాధారణంగా అడుగుభాగంలో ఉండి కింది నుండి గాలి తీసుకుంటుంది. కావున తివాచీ మీద, జంఖానా మీద పెట్టరాదు. గోడకు, పెట్టె వెనుకభాగానికి మధ్య ఒక జానెడు ఎడం వదలండి.

1,800 రూపాయల పెట్టె సంగతి

సోదరీ! మీ ఊరి దుకాణదారు చెప్పిన ధర ఆకర్షణీయమైనదే. కాని అందులోనే అసలు ప్రమాదం ఉన్నది. మీరు ‘కరెంటు పెట్టె’ అన్నది ఎస్‌ఎంపీఎస్. ఇంటి కరెంటును లోపలి భాగాలకు తగినట్లు మార్చి ఇచ్చేది అదే. మన బజారులో చవక కేబినెట్లను దానితో సహా అమ్ముతారు. ఉత్తరాలు, లెక్కలు రాసుకునే చిన్న యంత్రానికి అది సరిపోవచ్చు. గ్రాఫిక్స్ కార్డు ఉన్న యంత్రానికి దానిని నమ్ముకోరాదు.

పైన పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉన్నంత మాత్రాన సంతోషపడవద్దు. పక్కన అంటించిన చీటీలో 12 వోల్టుల వరుస చూడమని అబ్బాయితో చెప్పండి. ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా తీసుకునేది ఆ వరుస నుండే. అక్కడ 18 ఆంపియర్లు అని ఉంటే, 12ను 18తో గుణించగా వచ్చేది 216 వాట్లే. మీకు కావలసిన శక్తి అంతలో లేకపోవచ్చు. 80 ప్లస్ అనే గుర్తు ఉన్నది తీసుకోవడం మంచిది. తీసుకున్న కరెంటులో కనీసం 80 శాతాన్ని వృథా కాకుండా లోపలికి అందిస్తుందని ఆ గుర్తుకు అర్థం. అయితే అది భద్రతకు పూర్తి హామీ కాదు. కావున పేరున్న తయారీ, వారంటీ కూడా చూసుకోవాలి.

మరొక మాట. పెట్టె లోహపుది. ఎస్‌ఎంపీఎస్‌ను దానికే మరలతో బిగిస్తారు. మూడు కాళ్ల ప్లగ్గులో పైన లావుగా, పొడవుగా ఉండే కాలు ఎర్తుది. ఆ ఎర్తు గోడలో సరిగా ఉంటేనే పెట్టె క్షేమం. ఎర్తు లేని ఇళ్లలో పెట్టెను తాకితే చేయి జిల్లుమంటుంది. ‘కంప్యూటర్లన్నీ అంతే’ అని చాలామంది సరిపెట్టుకుంటారు. అలా సరిపెట్టుకోవద్దు. లోపల ఏదైనా తీగ దెబ్బతిన్న నాడు ఆ జిల్లుమనడం ప్రాణాంతకం కావచ్చు. కంప్యూటరు రాకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ఒక్క సాకెట్టు అయినా చూపించండి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది పెట్టె ధర కంటే ముఖ్యం.

6,500 రూపాయల పెట్టె సంగతి

ఇక అబ్బాయి ఎంచుకున్నది చూద్దాము. ముందు, పక్కన అద్దాలు, ఆరు రంగుల ఫ్యాన్లు. ముందు అద్దం చేసే మేలు మేము అనుభవించాము. పక్క అద్దం గాలికి అంతగా అడ్డు కాదు కాని దానితో మరొక జాగ్రత్త ఉన్నది. టెంపర్డ్ గ్లాస్ చదునుగా గట్టిదే, అంచు మాత్రం బలహీనం. ఊడదీసి టైల్స్ నేల మీద నిలబెట్టినప్పుడు మూల తగిలితే ఒక్కసారిగా చిన్న చిన్న ముక్కలై రాలిపోతుంది. అద్దం ఉన్నదే తీసుకుంటే, తీసినప్పుడల్లా మంచం మీదనో దుప్పటి మీదనో పరుండబెట్టాలి.

రంగుల వెలుగును మేము తప్పుపట్టము. పద్దెనిమిదేళ్ల వయసులో అది ముచ్చట. మిగిలిన అవసరాలు తీరిన తరువాత ముచ్చటకు చోటు ఇవ్వవచ్చు. కాని అదే జాబితాలో ఎస్‌ఎంపీఎస్‌కు 1,900 మాత్రమే రాసి ఉన్నది. అలంకారానికి ఆరున్నర వేలు, ఆయువుపట్టుకు రెండు వేల లోపు! అబ్బాయి తప్పు ఎక్కువ ఖర్చు చేయడంలో లేదు, ఖర్చును పంచుకున్న తీరులో ఉన్నది.

వీలుంటే కొనే ముందు పెట్టెను చేతితో తాకి చూడండి. మీకు బెంగళూరు దగ్గర. అక్కడ ఎస్‌పీ రోడ్డు ఉన్నది. హైదరాబాదు వైపు పాఠకులకు సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉండనే ఉన్నది. పక్క రేకును బొటనవేలితో నొక్కండి. పాపడం వలె లోపలికి పోతే అది ఫ్యాన్లు తిరిగినప్పుడల్లా గలగలలాడుతుంది. లోపలి అంచుల మీద జాగ్రత్తగా వేలు ఆనించండి. అంచు మడిచి ఉండాలి. మడవని రేకు బిగించేవాని చేతిని కోస్తుంది. ముందున్న యూఎస్‌బీ రంధ్రాలు ఎన్ని, అందులో టైప్ సీ ఉన్నదా చూసి, దానికి తగిన పిన్నులు మదర్‌బోర్డు మీద ఉన్నాయో లేవో సరిచూడండి. లేకపోతే ఆ రంధ్రం అలంకారమే. ఇప్పటి పెట్టెలలో చాలావాటికి సీడీ డ్రైవుకు చోటు ఉండదు. పాత సీడీలు దాచుకున్నవారు యూఎస్‌బీకి తగిలించే డ్రైవు విడిగా కొనుక్కోవచ్చు.

పెట్టె ఆయుష్షు

ఇందాక చెప్పిన ఏటీఎక్స్ ప్రమాణాన్ని ఇంటెల్ సంస్థ 1995లో వెలువరించింది. ఈ మూడు దశాబ్దాలలో ప్రాసెసర్లు ఎన్ని తరాలు మారాయో లెక్కలేదు. బోర్డును బిగించే రంధ్రాల అమరిక మాత్రం మౌలికంగా అదే నిలిచింది. మీ అబ్బాయి చదువు ముగిసేనాటికి ప్రాసెసరు పాతబడుతుంది, మెమరీ చాలదు, కార్డు మార్చాలనిపిస్తుంది. సరిగా ఎంచుకున్న పెట్టె మాత్రం తరువాతి యంత్రానికి కూడా పనికివస్తుంది, ఆ తరువాత తమ్మునికి కూడా. అయితే ఇది విడిగా అమ్మే పెట్టెలకు వర్తించే మాట. పెద్ద కంపెనీలు సిద్ధంగా చేసి అమ్మే ఆఫీసు యంత్రాలలో కొన్ని సొంత కొలతల బోర్డులతో వస్తాయి. వాటి పాత పెట్టెలో వేరే బోర్డు కూర్చుంటుందని నమ్మి కొనవద్దు.

మా తీర్పు

సోదరీ! ‘తప్పు నాదా, వాడిదా’ అని అడిగారు. మీ 1,800లో యంత్రానికి అపాయం ఉన్నది. వాడి 6,500లో దుబారా ఉన్నది. ముందు జాలి, మూడు ఫ్యాన్లు, ఊడివచ్చే ఫిల్టరు ఉన్న గట్టి పెట్టెకు 3,500 ప్రాంతంలో కేటాయించండి. ధరలు మారుతుంటాయి కనుక కొంత అటూ ఇటూ కావచ్చు. మిగిలిన 3,000ను ఎస్‌ఎంపీఎస్ వరుసలో కలపండి. నాన్నగారు పంపిన మొత్తంలో ఒక్క రూపాయి పెరగదు. వారి చెమట కూడా వృథా కాదు.

అయితే ఈ మాటను మా పేరు మీద తీర్పుగా వాడికి వినిపించవద్దు. సాయంత్రం పని ముగిసిన తరువాత మీ కుట్టుమిషను మీది టేపు తీసుకొని, వాడిని జాబితా తెమ్మనండి. బల్ల పొడవు, వెడల్పు, గోడకు వదిలే జానెడు మీరు కొలవండి. కార్డు పొడవు, కూలర్ ఎత్తు వాడు చదువుతాడు. ఎక్కడ ఎంత వదలాలో ఇద్దరూ కలిసి లెక్క వేయండి. డబ్బా అన్న మాట మీరు మానుకుంటే, అద్దం అన్న మాట వాడు మానుకుంటాడని మా నమ్మకం. ఆ రాత్రి వాడు కడుపునిండా అన్నం తింటాడు.

యంత్రం బిగించిన తరువాత మే నెల మధ్యాహ్నం అది ఎట్లా నడిచిందో మాకు రాయండి. వస్సలామ్.